జిగురు అతుక్కి రివెట్ తోడు కావాలా?

లేత్‌మాస్టర్:
వర్క్‌షాప్‌కి వ్యాన్ బాడీకి అల్యూమినియం ప్యానెళ్లు అతికే పని వచ్చింది. మా కుర్రాడు ఎపాక్సీ జిగురు ఒక్కటే చాలు, బెజ్జాలు వద్దంటాడు. జిగురూ పూసి రివెట్టూ కొడితే బలం రెట్టింపు కదా అంటాను నేను. ఎవరిది రైటు?

పాలిమర్‌పిచ్చి:
రెట్టింపు కాదు గురువుగారూ. రివెట్ బెజ్జంలో కాస్త కదిలితేగానీ దానికి బరువు అందదు. జిగురు ఆ కాస్త కూడా కదలనివ్వదు. కాబట్టి అది ఊడేదాకా దాదాపు బరువంతా దానిదే. ఒకడు మూట మోస్తుంటే రెండోవాడు పక్కన నడుస్తున్నట్టు.

అతుకు పొడవు పెంచినా ఇదే కథ. కాలేజీ ల్యాబ్‌లో 25 మి.మీ. వెడల్పు పట్టీలు అతికి లాగాం. 12.5 మి.మీ. అతుకు 6 కిలోన్యూటన్ల దగ్గర ఊడింది. 25 చేస్తే 12 వస్తుందనుకున్నాం, 9 దాటలేదు. ఒత్తిడి రెండు చివర్లలోనే పోగవుతుంది, నడిమి జిగురు ఊరికే కూర్చుంటుంది. ఫోల్కర్సెన్ అనే ఇంజనీరు 1938లోనే దీన్ని లెక్కగట్టాడు. పైగా పట్టీలు రెండూ ఒకే గీత మీద ఉండవు. లాగేకొద్దీ అతుకు వంగి అంచు పైకి లేస్తుంది, ఊడటం అక్కడే మొదలు.

విమానంబాబాయ్:
లెక్కలు సరే బాబూ. 1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా 243 విమానం, బోయింగ్ 737, 24 వేల అడుగుల ఎత్తున ఉండగా ముందు పైకప్పు ఎగిరిపోయింది. ఫ్లైట్ అటెండెంట్ ఒకావిడ చనిపోయింది. రేకుల అతుకుల్లో జిగురు విడిపోయింది. దాన్ని నమ్మితే అంతే.

పాలిమర్‌పిచ్చి:
ఆ అతుకులకు మూడు వరసల రివెట్లున్నాయి కదా బాబాయ్! రేకుల మధ్య పెట్టేందుకు చల్లగా దాచిన జిగురు పట్టించిన గుడ్డకు తేమ పట్టి కొన్నిచోట్ల పట్టు కుదరలేదు, సందులో తుప్పు చేరింది. బరువు రివెట్ల మీద పడింది. రివెట్ తల మునగడానికి చెక్కినచోట రేకు కత్తివాదరలా మిగిలింది, పగుళ్లు అక్కడే పుట్టాయి. 89 వేలకు పైగా సార్లు ఎగిరిన విమానం అది. తోడున్న రివెట్లు కాపాడలేదు.

విమానంబాబాయ్:
రివెట్ వదులైతే కంటికి తెలుస్తుంది. జిగురు రెండు రేకులనూ తాకుతూనే పట్టు లేకుండా ఉంటే అల్ట్రాసౌండ్‌కీ మంచి అతుకులాగే కనిపిస్తుంది, ఏం చేస్తావ్? బోస్టన్‌లో 2006 జూలైలో సొరంగం పైకప్పు కాంక్రీటు పలకలు కారు మీద పడి ఒకావిడ పోయింది. బోల్టులను పట్టుకున్న ఎపాక్సీ ఏళ్ల తరబడి బరువుకి మెల్లగా సాగింది. బిగించినప్పుడు లాగి చూస్తే పాసైనవే అవి!

పాలిమర్‌పిచ్చి:
దీనికి నా దగ్గర జవాబు లేదు. రాత్రీపగలూ బరువు వేలాడేచోట నేనూ జిగురు ఒక్కదాన్నే నమ్మను. కానీ గురువుగారి ప్యానెల్ అలాంటిది కాదు. 1996లో వచ్చిన లోటస్ ఎలీజ్ కారు అల్యూమినియం చట్రాన్ని ఎపాక్సీతోనే అతికారు. అంచు లేవకుండా అక్కడక్కడా స్క్రూలు వేశారు. మీరూ చివర్లలో మాత్రమే రివెట్లు కొట్టండి. అన్నట్టు, రేకు దేనితో తుడుస్తున్నారు?

లేత్‌మాస్టర్:
థిన్నర్, పాత బనీను గుడ్డ.

పాలిమర్‌పిచ్చి:
చంపేశారు. ఆ గుడ్డకున్న జిడ్డు మళ్లీ రేకుకే అంటుతుంది. కొత్త గుడ్డతో తుడిచి, ఎమరీ పేపర్‌తో రుద్ది, మళ్లీ తుడిచి నీళ్లు పోయండి. పలచగా పరుచుకుంటే శుభ్రం, ముత్యాల్లా విడిపోతే ఇంకా జిడ్డున్నట్టే.

లేత్‌మాస్టర్:
నిన్న తుడిచి పెట్టిన రేకు మీద ఇప్పుడే పోశా. ముత్యాలే.