ఉగాండా నుంచి ఖమ్మానికి తిరిగొస్తున్న మిషనరీ కుటుంబం: సామాను, పిల్లల చదువు గురించి సలహా కావాలి

కంపాలాలో సంఘ సేవ ముగించుకుని, భార్యాభర్తలం ఇద్దరు పిల్లలతో మే నెలలో ఖమ్మం చేరాలి. ఎల్లో ఫీవర్ టీకా కార్డులు ఉన్నాయి. అవి లేకుంటే విమానాశ్రయంలో 6 రోజుల వరకు క్వారంటైన్ తప్పదు కాబట్టి, వాటిని పాస్‌పోర్టులతోపాటు చేతి సంచీలోనే ఉంచుతున్నాం.

అసలు చిక్కు సామానుతోనే. ఉగాండాకు సముద్రం లేదు. పెట్టెలు లారీలో మొంబాసా వెళ్లి అక్కడ ఓడ ఎక్కాలి. 2016 బ్యాగేజీ నియమాల్లో, విడిగా పంపే సామాను మనం దిగిన నాటి నుంచి నెలలోపు అక్కడ బయలుదేరాలని, లేదా మనకంటే 2 నెలల ముందు వరకు ఇక్కడికి చేరవచ్చని ఉండేది. ముందే వస్తే రేవు అద్దె మోత, ఆలస్యమైతే గడువు తంటా. కట్టెపెట్టెలకు పురుగు లేకుండా శుద్ధి చేసిన ముద్ర కూడా ఉండాలి. ఎక్కువగా పుస్తకాలు, బట్టలు, పాత కుట్టుమిషను. చెన్నై రేవు మేలా, ముంబై మేలా? కస్టమ్స్‌లో ఒక్కో వస్తువుకూ విలువ రాసిన పట్టీ అడిగారా? ఈ నియమాల్లో ఇటీవల ఏమైనా మారాయా?

రెండోది బడి. అక్కడ విద్యా సంవత్సరం ఫిబ్రవరిలో మొదలవుతుంది, మనకు జూన్‌లో. పెద్దమ్మాయి 7వ తరగతి మధ్యలో ఉంది. జూన్‌లో 8లో చేర్చుకుంటారా, మళ్లీ 7 చదవాలంటారా? టీసీ మీద కంపాలా భారత హైకమిషన్ ధ్రువీకరణ చాలా? తెలంగాణలో తెలుగు తప్పనిసరి. మాట్లాడుతుంది గానీ గుణింతాలు రావు. ఇలా వచ్చిన పిల్లలను చేర్పించినవాళ్లు దయచేసి చెప్పండి.