ప్లాస్మాలో ఎన్‌ఫువిర్టైడ్: కింది స్టాండర్డ్‌లు నిలకడగా రావడం లేదు

ప్రశ్న:
నమస్కారం. హెచ్‌ఐవీ మందు ఎన్‌ఫువిర్టైడ్‌ను ప్లాస్మాలో ఎల్‌సీ-ఎంఎస్‌/ఎంఎస్ (కాలమ్‌లో విడగొట్టి, బరువును బట్టి గుర్తించే పరికరం) మీద కొలిచే మెథడ్ తయారు చేస్తున్నాను. స్టాక్‌ను (మందు చిక్కటి ద్రావణాన్ని) నీళ్లలో పలుచన చేసి, ఆ ద్రావణాలను ప్లాస్మాలో కలుపుతున్నాను. స్టాండర్డ్‌లలో (గాఢత తెలిసిన పోలిక నమూనాలు) ఎక్కువ గాఢతవి, అంటే పైవి, బాగున్నాయి. తక్కువ గాఢత ఉన్న కింది రెండూ మాత్రం పొద్దున ఒకలా, సాయంత్రం ఇంకోలా. ఫ్రిజ్‌లో పెట్టినా అంతే. పెప్టైడ్ విరిగిపోతోందా? వ్యాలిడేషన్ (మెథడ్ నమ్మదగినదని రుజువు చేసే పరీక్ష) దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
నాకైతే విరగడం కన్నా ట్యూబుకి అంటుకుపోవడం మీదే అనుమానమండీ. 36 అమైనో ఆమ్లాల గొలుసు అది, నీళ్లలో ఒంటరిగా వదిలితే గాజునీ వదలదు, ప్లాస్టిక్‌నీ వదలదు. గోడ పట్టుకోగలిగేది కొంతే కాబట్టి పై స్టాండర్డ్‌లలో ఆ నష్టం కనపడదు. కింద ఉన్నదే కాస్త, అందులో సగం గోడకే పోతే ఇంకేం మిగులుతుంది?

తేల్చుకోవడం సులువే. కింది పలుచన ద్రావణాన్ని ఒక ట్యూబులోంచి కొత్త ట్యూబులోకి, దాంట్లోంచి ఇంకో కొత్తదాంట్లోకి పోస్తూ, ప్రతిసారీ కొంచెం తీసి ఇంజెక్ట్ చేయండి. అంతసేపూ ట్యూబు మార్చకుండా ఉంచినది ఒకటి పక్కన పెట్టుకోండి. మార్చినదే పడిపోతే దోషం గోడదే.

ప్రశ్న అడిగినవారు:
చేశానండీ. మెట్లు దిగినట్టు దిగింది, మార్చనిది దాదాపు అలాగే ఉంది. లో-బైండ్ (తక్కువగా అంటుకునే) ట్యూబులు తెప్పిస్తే సరిపోతుందా? అయినా ఇంటర్నల్ స్టాండర్డ్ (ప్రతి శాంపిల్‌లో ఒకే మోతాదులో కలిపే పోలిక పదార్థం) ఉందిగా, అది సరిచేయదా?

జవాబు 1:
ఇంటర్నల్ స్టాండర్డ్ తాను కలిశాక జరిగిన నష్టాన్నే సరిచేస్తుంది. మీ నష్టం అంతకుముందే జరిగిపోయింది.

ట్యూబులు కొంత సాయపడతాయి కానీ అసలు పరిష్కారం, నీళ్ల పలుచన మానేయడమే. స్టాక్‌ను నేరుగా ప్లాస్మాలోకి తీసుకుని అక్కడి నుంచి ప్లాస్మాతోనే వరుసగా పలుచన చేయండి. ఈ మందు 92 శాతం దాకా ప్లాస్మా ప్రోటీన్లనే పట్టుకుని ఉంటుంది, గోడ జోలికి పోయేది తక్కువ. సాలిడ్ ఫేజ్ ఎక్స్‌ట్రాక్షన్ (ప్లాస్మాలోంచి పెప్టైడ్‌ను వేరుచేసే దశ) అయ్యాక ప్రోటీన్లు ఉండవు కాబట్టి అక్కడ మళ్లీ జాగ్రత్త. నైట్రోజన్ కింద పూర్తిగా ఎండబెట్టొద్దు, ఎండాక ఒక పట్టాన కరగదు. ద్రావణంలో కొంత అసిటోనైట్రైల్ ఉండనివ్వండి, మరీ ఎక్కువైతే పెప్టైడ్ కాలమ్‌లో ఆగకుండా ముందే వచ్చేస్తుంది. ఇంజెక్షన్ సీసాలో పెట్టే చిన్న గొట్టం (ఇన్సర్ట్) గాజుదైతే అదీ మార్చి చూడండి.

జవాబు 2:
పైవారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. రోగుల శాంపిల్స్‌లో దీని మెటబొలైట్ (ఒంట్లో మందు మారి ఏర్పడే పదార్థం) ఎం-20 కూడా ఉంటుంది. చివరి అమైడ్ ఆమ్లంగా మారితే వచ్చేది అదే, బరువు తేడా సుమారు 1 డాల్టన్. పరికరం చూసేది బరువును ఆవేశంతో భాగించిన విలువ కాబట్టి, నాలుగు ఆవేశాల అయాన్ మీద కొలిస్తే ఆ తేడా 0.25కి పడిపోతుంది. మామూలు ట్రిపుల్ క్వాడ్ (ఎంఎస్‌/ఎంఎస్ పరికరం) రెండింటినీ విడదీయలేదు, కాలమ్ మీదే విడగొట్టాలి. స్పైక్ చేసిన (మందును బయటి నుంచి కలిపిన) ప్లాస్మాతోనే పని కానిస్తే ఈ గొడవ కంటపడదు.

క్యారీఓవర్ (ముందు ఇంజెక్షన్‌లోది తర్వాతదాంట్లోకి రావడం) కూడా చూసుకోండి. అతుక్కునే పెప్టైడ్ సూదినీ వదలదు. అత్యధిక స్టాండర్డ్ తర్వాత ఇంజెక్ట్ చేసిన ఖాళీ ప్లాస్మాలో పీక్, కనిష్ఠ స్టాండర్డ్ పీక్‌లో 20 శాతం దాటకూడదని ఐసీహెచ్ ఎం10 (ఇలాంటి మెథడ్‌ల వ్యాలిడేషన్‌కు అంతర్జాతీయ మార్గదర్శకం) చెబుతుంది. దాటితే ముందు సూది వాష్‌లో ఆర్గానిక్ పాళ్లు మార్చి, కాస్త ఆమ్లం కలిపి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
ఎం-20 సంగతి నా లెక్కలోనే లేదండీ. గ్రేడియెంట్ (కాలమ్‌లోకి పంపే ద్రావకాల పాళ్లు మార్చే క్రమం) మళ్లీ చూస్తాను. ప్లాస్మా పలుచన ఈరోజే మొదలుపెడుతున్నా.