కంటికి కనబడని సరుక్కి ముందే ఫోన్‌పే కొట్టొచ్చా?

ఆమదాలవలస మాస్టారు:
మా వైపు కానిస్టేబుల్, డీఎస్సీ, అగ్నివీర్ పరీక్షలకి చదివే పిల్లలు టెలిగ్రాం గ్రూపుల్లో టెస్ట్ సిరీస్‌లు, పీడీఎఫ్ నోట్సులు కొంటున్నారు. అమ్మేవాడు ఒక ఫోన్ నంబరు ఇచ్చి, "దీనికి కొట్టండి, లింకు పంపుతా" అంటాడు. మా వీధిలో ఒక అమ్మాయి 1,499 రూపాయలు కట్టింది. లింకు రాలేదు సరికదా, గ్రూపులోంచే తీసేశారు. ఆ పిల్లకి అది చిన్న డబ్బు కాదు.

నా మాట గట్టిగానే చెప్తున్నాను. కోర్సయినా, గేమ్ టాప్‌అప్ అయినా, సాఫ్ట్‌వేర్ కీ అయినా, ఊరూపేరూ తెలియని మనిషి నంబరుకి యూపీఐ చెయ్యకూడదు. కార్డుతోనే కట్టాలి. ఒప్పుకోనివాళ్ళు కారణం చెప్పండి.

టెక్కలి కుర్రాడు:
కార్డు ఎవరి దగ్గరుంది మాస్టారూ? మా ఫ్రెండ్స్‌లో క్రెడిట్ కార్డు ఉన్నవాడు ఒక్కడూ లేడు. యూట్యూబ్‌లో పాఠాలు చెప్పే చిన్న సార్లు కార్డు తీసుకునే ఏర్పాటు పెట్టుకోరు. 200 రూపాయల నోట్సుకి ఇంత టెన్షన్ ఎందుకు? పైగా మూడు రోజుల్లో బ్యాంకుకి చెప్తే డబ్బు వెనక్కొస్తుందని ఆర్‌బీఐ రూలుంది కదా.

ఆమదాలవలస మాస్టారు:
తమ్ముడూ, పిల్లల్ని ముంచుతున్నది ఆ నమ్మకమే. 2017 జులైలో ఆర్‌బీఐ ఇచ్చిన ఆ ఉత్తర్వు మన అనుమతి లేకుండా ఖాతాలోంచి డబ్బు పోయినప్పటి సంగతి. తప్పు మనదీ బ్యాంకుదీ కాకుండా మరెక్కడో జరిగితే, 3 పనిదినాల్లో చెప్తే నష్టం మన మీద పడదు. ఇక్కడ పిన్ కొట్టింది మనమే. అలా ఒక మనిషి ఖాతాకి వెళ్ళిన డబ్బుని అవతలివాడు ఒప్పుకోకుండా బ్యాంకు తనంతట తాను వెనక్కి తేలేదు.

కార్డంటే క్రెడిట్ కార్డే కానక్కర్లేదు, డెబిట్ కార్డుకీ చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు బ్యాంకు ద్వారా వెనక్కి అడిగే వీలు, ఉంది. ఓటీపీ మనమే కొట్టినా సరే, "డబ్బు కట్టాను, సరుకు అందలేదు" అని బ్యాంకులో ఫిర్యాదు పెట్టొచ్చు. అందిందని అమ్మినవాడు రుజువు చూపించాలి. దానికి గడువుంటుంది, నెలల తరబడి ఊరుకుంటే కుదరదు. ఏం ఇస్తానన్నాడో ఆ పేజీని కట్టేముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి.

విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర:
అమ్మేవాళ్ళ గోడు కూడా వినండి. నేను గ్రూప్-2 మెటీరియల్ రాసి అమ్ముతాను. పంపిన పూటే అది నాలుగు గ్రూపుల్లో ఉచితంగా తిరుగుతుంది. చదివేసుకున్నవాడే "నాకు రాలేదు" అని చార్జ్‌బ్యాక్ పెడితే నా కష్టమూ పోయె, డబ్బూ పోయె. బియ్యం బస్తా అయితే వెనక్కి తెచ్చుకోవచ్చు, పీడీఎఫ్‌ని ఎలా తెచ్చుకోను? అందుకే యూపీఐ అంటాను. నాలాంటివాళ్ళందర్నీ దొంగల్లో కలిపెయ్యకండి.

నరసన్నపేట అక్క:
మీ బాధ నిజమేనండి. కానీ దానికి మందు మీ చేతిలోనే ఉంది. వాట్సాప్‌లో ఫైలు పడేసే బదులు లాగిన్ ఇవ్వండి. ఎవరు ఎప్పుడు తెరిచారో, ఏ ఐపీ (ఇంటర్నెట్ చిరునామా) నుంచి దించుకున్నారో రికార్డుంటే చార్జ్‌బ్యాక్‌లో మీ మాట చెల్లుతుంది. కొనేవాళ్ళ చేతిలో ఆ రికార్డు ఉండదు కదా, అందుకే నేను మాస్టారి పక్షం.

ఇంకో సంగతి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు డిజిటల్ సరుక్కీ వర్తిస్తాయి. సైటు పెట్టి వ్యాపారంగా అమ్మేవాళ్ళు పేరు, చిరునామా, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు పెట్టాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి. ఇవేవీ లేని చోట నేనైతే రూపాయి కట్టను. రూపాయి అంటే గుర్తొచ్చింది, "ఒక్క రూపాయి ట్రయల్" అన్నచోట ఆటోపేకి, అంటే ఖాతాలోంచి డబ్బు దానంతటదే పోయే ఏర్పాటుకి, ఒప్పుకున్నట్టే అనుకోండి. యాప్‌లో ఆటోపే విభాగానికి వెళ్ళి రద్దు చేసుకోవచ్చు.

టెక్కలి కుర్రాడు:
సరే, డెబిట్ కార్డు సంగతి నాకు తెలీదు, ఒప్పుకుంటున్నా. అయినా తెలిసిన సార్‌కి 200 కొట్టడం మాత్రం మాననండి. మరి ఆ అమ్మాయి ఇప్పుడేం చెయ్యాలి?

ఆమదాలవలస మాస్టారు:
తెలిసిన సార్ అయితే నాకూ అభ్యంతరం లేదు. నేనన్నది ముక్కూమొహం తెలియనివాళ్ళ గురించి.

ఆ అమ్మాయి చేత వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాం. యాప్‌లో కనబడే 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ గుర్తింపు) నంబరు, చాట్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోవాలి. త్వరగా చెప్తే, డబ్బు ఇంకా అవతలి ఖాతాలో ఉన్నంతవరకు దాన్ని ఆపించే అవకాశం ఉంది. నిన్న ఎవడో ఫోన్ చేసి "రీఫండ్ ఇస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టమ్మా" అన్నాడట. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదని చెప్పి ఆ నంబరు కూడా ఫిర్యాదులో రాయించాను.

నరసన్నపేట అక్క:
అమ్మినవాడి చిరునామా దొరికితే శ్రీకాకుళంలోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వెయ్యొచ్చు మాస్టారూ. వాడు ఏ ఊళ్ళో ఉన్నా సరే, 2019 చట్టం ప్రకారం మనం ఉన్నచోటే వెయ్యొచ్చు. ఇంత చిన్న మొత్తానికి ఫీజు కూడా ఉండదు. అర్జీ రాయడానికి నేను సాయం చేస్తాను, ఆ పిల్లని నాకు మెసేజ్ పెట్టమనండి.