శిక్షణ శిబిరంలో విషయం తెలిసినవారిని, కొత్తవారిని కలిపి నడిపించడం ఎలా?

సాంకేతిక, ఇంజనీరింగ్ విషయాలు బోధించే ఉపాధ్యాయుల కోసం నేను రెండు రోజుల శిక్షణ శిబిరాలు నిర్వహిస్తున్నాను. ఒక్కో శిబిరానికి 24 మంది వస్తారు. మొదటి రోజు ఆర్డ్యునో ఊనో బోర్డుతో (ప్రోగ్రామ్ రాసి నడిపించే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు) ఎల్‌ఈడీ వెలిగించడం, రెండో రోజు చెవికి వినిపించని ధ్వని తరంగాలతో పనిచేసే అల్ట్రాసోనిక్ సెన్సర్‌తో దూరం కొలవడం చేయిస్తాను.

ప్రోగ్రామింగ్ తెలిసినవారు మొదటి పనిని 20 నిమిషాల్లో ముగించి ఖాళీగా కూర్చుంటున్నారు. కొత్తవారు మాత్రం గంట గడిచినా బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా వైర్లు గుచ్చి సర్క్యూట్ కట్టే రంధ్రాల పలక) దగ్గరే ఆగిపోతున్నారు. ఒక అడ్డవరుసలోని ఐదు రంధ్రాలు లోపల కలిసే ఉంటాయని తెలియక, ఎల్‌ఈడీ రెండు కాళ్లనూ అదే వరుసలో గుచ్చి, వెలగకపోయేసరికి ఎల్‌ఈడీయే పాడైందని అనుకుంటున్నారు.

తెలిసినవారిని కొత్తవారితో జతచేసి చూశాను. తెలిసినవారే వైర్లన్నీ కలిపేశారు, పక్కవారు చూస్తూ ఉండిపోయారు. వారం ముందే వీడియోలు పంపాను. వాటి అవసరం ఎక్కువగా ఉన్నవారికే చూసే తీరిక దొరకలేదు. స్థాయిని బట్టి రెండు బృందాలు చేస్తే, పాతికేళ్ల బోధనానుభవం ఉన్న కొందరు ప్రాథమిక బృందంలో కూర్చోవలసి వచ్చినందుకు నొచ్చుకున్నారు. వారి బాధ న్యాయమైనదే.

బృందాన్ని విడదీయకుండా, ప్రతి ఒక్కరూ సర్క్యూట్‌ను తమ చేతులతోనే పూర్తిచేసేలా మొదటి రోజు తొలి రెండు గంటలను మీరైతే ఎలా నడుపుతారు?