టూర్ డి ఫ్రాన్స్ మీద పందెం: లెక్కా, జూదమా?

సుబేదారి సైకిల్:
2026 జులై 4న బార్సిలోనాల టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు మొదలు. రేసు కంటే ముందే మన సైకిల్ గ్రూపుల లొల్లి మొదలైంది. రూట్ చదివి, రైడర్లను చూసి, ఎవడు గెలుస్తడో చెప్పి దాని మీద పైసలు పెట్టుడు తెలివా, జూదమా? నా మాట సూటిగ చెప్త. క్రికెట్ మీద పెట్టుడు జూదమే, టాస్ కాడనే సగం మ్యాచ్ పోతది. టూర్ గట్ల కాదు. 21 స్టేజీలు, అంటే దినానికొక రేసు, మూడు వారాలు. అన్నీ కలిపి ఎవని టైమ్ తక్కువైతే వాడే గెలిచినట్టు. ఒక్కనాడు కలిసొచ్చినోనికి 21 రోజులు కలిసి రాదు.

ఈసారి రూట్ చూడుండ్రి. మొదటి రోజే టీమ్ టైమ్ ట్రయల్, అంటే టీమంత కలిసి గడియారం మీద తొక్కుడు. ఒంటరిగ తొక్కే టైమ్ ట్రయల్ ఒక్కటే, అదీ 26 కిలోమీటర్లే. ఆఖర్ల 19, 20 స్టేజీలు రెండూ ఆల్ప్ ద్యుయెజ్ కొండ మీదనే ముగుస్తయ్. గింత కొండ రూట్ల పొగాచార్‌ను కాదని ఇంకెవ్వని పేరు చెప్తరు? 2020, 2021, 2024, 2025ల గెలిచిండు. ఇంకోటి కొడితే ఆంక్తీల్, మెర్క్స్, ఇనో, ఇండురైన్ సరసన ఐదు టూర్లు. ఇది చదివి చెప్పే ముచ్చట. జూదం ఎట్లయితది?

కేయూ క్రాస్‌రోడ్:
పొగాచార్ గెలుస్తాడని మీకు తెలుసు, నాకు తెలుసు, రేటు పెట్టే బుకీకి మనిద్దరికంటే బాగా తెలుసు. అందరికీ తెలిసిన సంగతికి ఎవరు డబ్బులిస్తారండీ?

చిన్న లెక్క. రేటు 1.40 అనుకుందాం. వంద పెట్టి గెలిస్తే చేతికి 140. ఏడు టూర్లలో ఐదు గెలిస్తే పెట్టిన అసలు తిరిగొస్తుంది, అంతే. ఇప్పుడు పొగాచార్ చిట్టా చూడండి. 2020 నుంచి 2025 దాకా ఆరు టూర్లు తొక్కాడు. నాలుగు గెలిచాడు, రెండుసార్లు వింగెగార్ వెనక రెండో స్థానం. ఆరేళ్లూ ఇదే రేటుకు వంద చొప్పున పెట్టి ఉంటే పోసింది 600, వచ్చింది 560. ఈ కాలపు మేటి రైడర్‌ను ఆరేళ్లు సరిగ్గా గుర్తుపట్టి కూడా నలభై రూపాయలు నష్టం! మీ చదువు తప్పని నేననడం లేదు. ఆ చదువు విలువ రేటులో ముందే కలిసిపోయి ఉంటుంది.

సుబేదారి సైకిల్:
సార్, రేటు మీరు అనుకున్నది. 2020ల ఆ పోరడు ఫేవరెట్టే కాదు. అప్పుడు పట్టుకున్నోనికి మస్తు వచ్చి ఉంటయ్. చదువంటే గదే కదా, అందరికంటే ముందు చూసుడు.

నిర్మల్ ఘాట్:
2020 పేరెత్తిండ్రు కాబట్టి చెప్తున్న. ఇరవయ్యో స్టేజీ పొద్దుగాల పొగాచార్ మీద రోగ్లిచ్‌కు 57 సెకన్ల లీడు. మిగిలింది లా ప్లాంష్ దే బెల్ ఫీయ్ మీదికి 36 కిలోమీటర్ల టైమ్ ట్రయల్, తెల్లారి పారిస్ ఊరేగింపు. రోగ్లిచ్ టైమ్ ట్రయల్‌ల తోపు, టీమ్ కూడ అన్నిట్ల బలమైంది. కాయితం మీద చూస్తే రేసు అయిపోయినట్టే. కొండ మీద ఏమైంది? హెల్మెట్ పక్కకు జరిగి, నోరు తెరిచి, ఎన్నడూ తొక్కనోని లెక్క తొక్కిండు రోగ్లిచ్. దినం అయ్యేసరికి పొగాచార్ 59 సెకన్లు ముందల. ఆ పొద్దు ప్రివ్యూ రాసినోళ్లు మూర్ఖులు కాదు అన్నా. వాళ్లు చదివింది కరెక్టే.

2025 జిరో, అంటే ఇటలీల జరిగే మూడు వారాల రేసు, ఇంకా ఘోరం. మల్ల ఇరవయ్యో స్టేజే. ఫినెస్ట్రె కొండ, ఆఖరి ఎనిమిది కిలోమీటర్లు మట్టి బాట. మొత్తం రేసుల ముందున్నోని గులాబీ జెర్సీ దెల్ తోరో మీద, కారపాజ్ 43 సెకన్లు వెనక, సైమన్ యేట్స్ 1 నిమిషం 21 సెకన్లు వెనక. యేట్స్ కొండ మీద ఇడిసిపెట్టి పోయిండు. వెనక ఈ ఇద్దరు ఒకని మొకం ఒకడు చూసుకుంట కూసున్నరు, నువ్వు గుంజు అంటే నువ్వు గుంజు అని. ముందు బ్రేక్‌అవేల, అంటే గుంపును ఇడిసి ముందుకు పోయినోళ్లల్ల ఉన్న యేట్స్ టీమోడు వాన్ ఆర్ట్ కొండ దిగినంక యేట్స్ కోసం ఆగి, లోయ పొడుగూతా గాలి కోసి పెట్టిండు. యేట్స్ దాదాపు నాలుగు నిమిషాల తేడాతోని జిరో గెలిచిండు.

వాన్ ఆర్ట్‌ను ముందుకు పంపుడు ప్లానే, దాన్ని చదువచ్చు. గానీ ఇద్దరు బలవంతులు పంతానికి పోయి మూడోవానికి రేసు అప్పజెప్తరని ఏ రూట్ మ్యాప్‌ల రాసి ఉంటది?

కాజీపేట జంక్షన్:
పైసలు పెట్టేటోళ్లకు ఒక ప్రశ్న. 2019 టూర్, 19వ స్టేజీ. వడగండ్లు పడ్డయ్, రోడ్డు మీదికి మట్టి పెళ్లలు జారినయ్, రేసు మధ్యలనే ఆపిండ్రు. ఇజెరాన్ కొండ కొన మీది టైమ్ లెక్క కట్టి బెర్నాల్‌కు పచ్చ జెర్సీ ఇచ్చిండ్రు. పచ్చ అంటే మన పసుపు పచ్చ, మొత్తం రేసుల ముందున్నోనిది. ఆకుపచ్చ కాదు, అది పాయింట్లది. ఆ స్టేజీకి గెలిచినోడే లేడు! దాని మీద పందెం కాసినోడు ఎవ్వన్ని అడగాలె, దేవున్నా?

సుబేదారి సైకిల్:
భాయ్, వందల ఒకటి తీసుకొచ్చి కొట్టకు. నేను చెప్పేది జర ఇను. మొత్తం రేసు మీద పెట్టకుండ్రి, సరే. స్టేజీలున్నయ్, ఇద్దరిట్ల ఎవడు ముందు అనే జోడి పందేలున్నయ్. చదునుగున్న స్టేజీల స్ప్రింటర్లు, అంటే ఆఖరి గీత కాడ జోరుగ కొట్టెటోళ్లు, ఐదారుగురే. కొండ దాటినంక ముగింపు ఎంత దూరం, టీమ్‌ల ముందుండి గుంజేటోడు ఎవడు, ఎదురుగాలా పక్కగాలా, ఇవన్ని చూసెటోనికి తేడా తెలుస్తది. రైడర్ పేరు చూసి పెట్టేటోళ్ల పైసలు మనకొస్తయ్.

కాజీపేట జంక్షన్:
ఐదారుగురు స్ప్రింటర్లా? 2025ల మొదటి స్టేజీ గెలిచి పసుపు జెర్సీ ఏసుకున్న ఫిలిప్సెన్ మూడో స్టేజీల, అదీ నడిమిట్ల స్ప్రింట్ కాడ పడ్డడు. ఇంటికి పోయిండు. ఆకుపచ్చ జెర్సీ ఆయనదే అని మూడు వారాలకు పెట్టినోని పైసలు మూడు రోజుల్ల ఖతం. ఎవెనెపూల్ సంగతి చెప్పు. టాప్ మూడుల ఉండుకుంట తూర్మలే కొండ మీద సైకిల్ దిగి కారెక్కిండు.

కేయూ క్రాస్‌రోడ్:
జోడీ పందేల గురించి కూడా చెప్పేస్తాను. ఇద్దరూ సమానమని బుకీ అనుకుంటే న్యాయంగా ఇద్దరికీ 2.00 ఇవ్వాలి. ఇచ్చేది 1.83 లాంటి రేటు. మీరు నూటికి 55 సార్లు సరిగ్గా చెబితే అప్పుడు గానీ లాభం మొదలవదు. రోజూ రైడర్లతో తిరిగే విలేకరులకే కష్టమది. ఎవరికి రాత్రి కడుపు పాడైందో, ఎవరికి ఈరోజు సొంతంగా తొక్కే అనుమతి లేదో టీమ్ బస్సులో ఉన్నవాళ్లకు తెలుస్తుంది. హనుమకొండలో కూర్చున్న మనకు టీవీలో పడిపోయాక తెలుస్తుంది.

కోర్టు గల్లి:
తెలివా, అదృష్టమా అన్న చర్చ కోర్టుల్లో పాతది. రమ్మీ నైపుణ్యపు ఆట అని సుప్రీంకోర్టు 1968లో చెప్పింది, అది సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసే. గుర్రప్పందేలు నైపుణ్యమని 1996లో చెప్పింది. సుబేదారి తమ్ముడి వాదన ఆ రోజుల్లో నిలబడేదేమో. 2017లో తెలంగాణ గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడితే నైపుణ్యమన్న మినహాయింపు తీసేశారు. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం వచ్చింది. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడించే ఆట నైపుణ్యమైనా, అదృష్టమైనా నిషేధమే. నడిపేవాడికి మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. కాబట్టి మీరెంత చదివినా, చట్టం ముందు ఆ చదువుకు మార్కులు లేవు. పైగా దొంగ యాప్ డబ్బు ఎగ్గొడితే ఏ స్టేషన్‌కు పోయి ఏమని రాసిస్తారు?

హంటర్ రోడ్డు:
లెక్కలు, చట్టాలు సరే. మా బాబాయ్ కొడుకు ఐపీఎల్ మీద పెట్టేటోడు. వాడు కూడ ఇదే మాట: "అన్నా, నేను పిచ్ చదివి పెడ్త." అన్నం తినేటప్పుడు ఫోన్ బోర్లేసి కంచం పక్కన పెట్టేటోడు, మోగితే బయటికి పోయేటోడు. ఆఖరికి అప్పులోడు ఇంటి ముంగట బండి ఆపుతే మా చిన్నమ్మ తలుపు తియ్యకుంటనే లోపల్నుంచి "లేడు బిడ్డా" అనేది. వానికి క్రికెట్ తెల్వదని ఎవ్వరూ అనలే. మంచిగ తెలుసు. తెలుసు కాబట్టే పోయినయ్ ఎల్తయనుకున్నడు, మల్ల పెట్టిండు.

సుబేదారి సైకిల్:
అన్నా, గది బాధే, కాదన. గానీ దానికి సైకిల్ రేసు ఏం జేసింది? మనదాంట్ల సగం మందికి పందెం లేకుంటే మూడు వారాలు కూసొని చూసే ఓపిక ఉండది. పది రూపాయలు పెట్టినోడు నూటా ఎనభై కిలోమీటర్లు కండ్లు ఆర్పకుంట చూస్తడు. లీడర్‌కు సాయం చేసే డొమెస్టిక్ ఒకడు నీళ్ల సీసాలు అంగీల నింపుకొని ముందుకు పోతుంటే ఆయన పేరేందని అడుగుతడు. ఆట నేర్సుకునేది గట్లనే.

నిర్మల్ ఘాట్:
గా ముచ్చట నిజమే, ఒప్పుకుంటా. గానీ పైసలు పెట్టినోడు తన రైడర్‌నే చూస్తడు. మిగిలిన నూటా ఎనభై మంది వానికి అడ్డమే. మొన్న మహబూబ్ ఘాట్ ఎక్కినోళ్లను అడుగుండ్రి, కొండ మీద చూడాల్సింది గెలిచేటోన్నా, గుంజి గుంజి పక్కకు తప్పుకునేటోన్నా.

కాజీపేట జంక్షన్:
ఐతే తీర్పు నేను జెప్త. అందరు ముందే పేర్లు ఈడ రాయుండ్రి. తప్పినోడు భద్రకాళి బండ్ రైడ్ అయినంక అందరికి టిఫిన్. కోర్టు గల్లి సార్, ఇడ్లీ కూడ నిషేధమేనా?

కోర్టు గల్లి:
ఇడ్లీ వరకు నేనేం చూడలేదు. వడకు మాత్రం హామీ ఇవ్వను.

అడ్మిన్:
ఇందాక ఒకరు "ష్యూర్ షాట్ టూర్ టిప్స్" అని గ్రూపు లింకు పెట్టారు, తీసేశాను. రెండోసారి పెడితే సభ్యత్వం తీసేస్తాను. పేర్లు రాసే వాళ్లు రాసుకోవచ్చు, డబ్బు మాట వద్దు.

సుబేదారి సైకిల్:
సరే, టిఫిన్‌కే. పసుపు: పొగాచార్. రెండు: వింగెగార్. 19వ స్టేజీ: పొగాచార్.

నిర్మల్ ఘాట్:
పసుపు నాది కూడ ఆయనే, గానీ 19 మీద కాదు. ఆల్ప్ ద్యుయెజ్ మీద పొగాచార్ ఇప్పటిదాంక గెలువలే. 2022ల ఆడ గెలిచింది పిడ్‌కాక్, బ్రేక్‌అవేల కలిసి పోయి. తెల్లారి 20వ స్టేజీల గాలిబియే కొండ కూడ ఎక్కాలె కాబట్టి పెద్దోళ్లు 19 నాడు బలం దాసుకుంటరు. నా పేరు: బ్రేక్‌అవే.

సుబేదారి సైకిల్:
బ్రేక్‌అవే అంటే పేరు కాదన్నా, పది మంది. ఒక్కన్ని చెప్పు, లేకుంటే టిఫిన్ నువ్వే.

హంటర్ రోడ్డు:
నాకు ఒకటి అర్థం కాలే. మొదటి రోజు టీమ్ టైమ్ ట్రయల్‌ల టీమ్ అంతటికి ఒకటే టైమా?

నిర్మల్ ఘాట్:
లేదు, ఈసారి ఎవ్వని టైమ్ వానిదే. అందుకే ఆఖర్ల మోంజుయిక్ కొండ ఎక్కేటప్పుడు తోటోళ్లు లీడర్‌ను ఇడిసిపెట్టి పక్కకు తప్పుకుంటరు, లీడర్ ఒక్కడే గీత దాకా కొట్టుకోవాలె. బలమైన టీమ్ లేనోడు మొదటి రోజే వెనకబడ్తడు. ఒంటరోళ్ల పేర్లు రాసిండ్రంటే మార్చుకోండ్రి, జులై 4 పొద్దటి దాంక టైమ్ ఉంది.