పదో తరగతి వచ్చింది, ఫుట్‌బాల్ మాన్పించాలా?

అల్వాల్ అమ్మ:
అందరికీ నమస్తే. మా బాబు ఈ ఏడాది పదిలోకి వచ్చాడు. ఆరో తరగతి నుంచి ఫుట్‌బాల్ ఆడుతున్నాడు, మిడ్‌ఫీల్డ్. వారానికి నాలుగు సాయంత్రాలు ప్రాక్టీసు, ఆదివారం పొద్దున మ్యాచ్. ఇకనుంచి స్కూల్లో స్టడీ అవర్స్ రాత్రి ఏడింటిదాకా పెడతామంటున్నారు. ఆట మానకపోతే టాప్ సెక్షన్‌లో ఉంచబోమని పేరెంట్స్ మీటింగ్‌లో అందరి ముందూ అన్నారు. కోచ్ గారేమో పిల్లాడికి టైమ్ విలువ గ్రౌండే నేర్పుతుంది, మాన్పించకండమ్మా అంటున్నారు. మా వారు మాన్పించేద్దాం అంటారు, అత్తయ్యదీ అదే మాట. ఆట వల్ల చదువుకు, టైమ్ సర్దుకోవడానికి నిజంగా ఏమైనా ఉపయోగం ఉంటుందా? పిల్లల్ని ఆడిస్తూనే పది గట్టెక్కించినవాళ్లు ఉంటే చెప్పండి.

లెక్కల మాస్టారు:
అమ్మా, చాలా ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. ముందు ప్రాక్టీసు ఎన్ని గంటలో చెప్పండి. కోచ్‌ను అడిగితే గంటన్నర అంటారు. బ్యాగు సర్దుకోవడం, బస్సు, వార్మప్, ఆట, ఆటయ్యాక దోస్తులతో కబుర్లు, మళ్లీ బస్సు, స్నానం, తిండి... ఇవన్నీ కలపండి. పుస్తకం తెరిచేసరికి ఎనిమిదిన్నర దాటుతుంది, తెరిచిన పది నిమిషాలకు కళ్లు మూతలు పడతాయి. ఉన్న టైమ్ తీసేసుకుని, మిగిలిన దాంట్లో సర్దుకో అంటే అది నేర్పడం ఎలా అవుతుంది?

ఇంకో సంగతి. బంతి వచ్చేలోపు చుట్టూ చూసుకోవడం అలవాటైన పిల్లాడు గ్రౌండ్‌లో బాగా చూస్తాడు. ఆ నేర్పు త్రికోణమితి పేపర్లోకి దానంతటది రాదు. లెక్కలు రావాలంటే లెక్కలే చేయాలి.

నైట్ షిఫ్ట్ నాన్న:
మేం మాన్పించాం. ఆ రెండు గంటలూ ఫోన్‌కి పోయాయి.

ఎడమ వింగ్:
మాస్టారూ, నేను యూనివర్సిటీకి ఆడినవాణ్ణి, ఇప్పుడు రైల్వేలో చేస్తున్నాను. గ్రౌండ్‌లో ఏం జరుగుతుందో చూడకుండా తీర్పు చెప్పేస్తే ఎలా?

మిడ్‌ఫీల్డ్ పిల్లాడికి మొదట నేర్పేది బంతి కాళ్ల దగ్గరికి రాకముందే భుజం మీదుగా వెనక్కి చూడమని. బంతి వచ్చాక చూస్తే అప్పటికే ఎవడో ఒకడు మీద పడతాడు. రాబోయే దానికి ముందే సిద్ధంగా ఉండటం, ఏది ఇప్పుడు చేయాలి, ఏది రెండు సెకన్లు ఆగాలి అన్నది క్షణంలో తేల్చుకోవడం, అసలు టైమ్ మేనేజ్‌మెంట్ అంటే అదే కదా. గోల్‌కీపర్ బంతిని చేతుల్లో పట్టుకుని ఎనిమిది సెకన్లు దాటితే అవతలి జట్టుకు కార్నర్, అంటే గ్రౌండ్ మూల నుంచి బంతి తన్నే అవకాశం, ఇవ్వాలని 2025లో రూల్ మార్చారు. చివరి ఐదు సెకన్లు రెఫరీ చెయ్యెత్తి వేళ్లతో లెక్కపెడతాడు. పద్నాలుగేళ్ల కీపర్‌కు సెకను విలువ అంతకన్నా బాగా ఎవరు చెప్పగలరు?

అల్వాల్ వాళ్లకు నేను చెప్పాలా! పక్కనే అమ్ముగూడ. ఒలింపిక్స్‌లో మన దేశానికి ఫుట్‌బాల్ ఆడిన తులసీదాస్ బలరాం పుట్టిన ఊరు. ఆయన్ను తీర్చిదిద్దిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ మన హైదరాబాద్‌లో స్కూలు టీచరు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టును నాలుగో స్థానానికి చేర్చింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం తెచ్చింది ఆ పంతులు గారే. చదువు చెప్పేవాడూ ఆట నేర్పేవాడూ ఒక్కడే అయిన ఊరు ఇది. బ్రెజిల్ 1982 ప్రపంచకప్ కెప్టెన్ సోక్రటీస్ డాక్టరు చదివినవాడు.

బోయిన్‌పల్లి స్ట్రైకర్:
ఐఐటీ మద్రాస్‌లో స్పోర్ట్స్ కోటా కూడా ఉంది ఆంటీ. ఆడితే సీటే వస్తుంది.

లెక్కల మాస్టారు:
బాబూ, సగం తెలిసిన మాట పిల్లల తల్లులకు చెప్పకు. ఐఐటీ మద్రాస్ 2024-25 నుంచి ఆటగాళ్లకు విడిగా సీట్లు ఇస్తున్న మాట నిజమే. కోర్సుకు రెండే. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుల జాబితాలో పేరుండాలి, దానికి తోడు గడిచిన నాలుగేళ్లలో జాతీయ స్థాయిలోనో అంతర్జాతీయ స్థాయిలోనో పతకం ఉండాలి. ఆదివారం మ్యాచ్ ఆడినవాళ్లకు కాదు అది.

వింగ్ గారూ, ఒక్క సోక్రటీస్‌ను చూపిస్తే నేనేం చెప్పాలి? ఆ జట్టులో మిగతావాళ్లంతా డాక్టర్లా? రెఫరీ సెకన్లు లెక్కపెడితే పిల్లాడికి సెకను విలువ తెలిసిపోతుందా? అదే ఆటలో పోయిన టైమ్‌ను రెఫరీ చివర్లో కలిపి ఇస్తాడు. 2022 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్, ఇరాన్ మ్యాచ్‌కు రెండు భాగాల్లో కలిపి పాతిక నిమిషాలకు పైగా కలిపారు. పదో తరగతి పరీక్షలో గంట కొట్టాక ఇన్విజిలేటర్ ఒక్క నిమిషం ఇవ్వడు, పేపర్ లాక్కుంటాడు.

ఇంతకీ ప్రాక్టీసు మొత్తం ఎన్ని గంటలో ఎవరూ చెప్పలేదు.

ఎడమ వింగ్:
రెండు గంటలు, రానూపోనూ కలిపి.

లెక్కల మాస్టారు:
మూడున్నరకు తక్కువ కాదు.

ఎడమ వింగ్:
మీరెప్పుడైనా ఆ గ్రౌండ్‌కు వెళ్లారా? రెండు, మహా అయితే రెండుంబావు.

పిల్లల వార్డు నర్సు:
ఐదేళ్ల నుంచి పదిహేడేళ్ల పిల్లలకు రోజుకు సగటున గంటసేపు ఒళ్లు అలిసే కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గంటలు లెక్కేసేటప్పుడు అది తీసేయకండి.

అల్వాల్ అమ్మ:
దయచేసి గంటల కోసం పోట్లాడుకోకండి, నేనే చెబుతాను. స్కూలు నుంచి నేరుగా గ్రౌండ్‌కు వెళ్తాడు, ఏడుంబావుకు ఇంట్లో ఉంటాడు. ప్రాక్టీసు ఉన్న రోజు సోషల్ నోట్సు మధ్యాహ్నం అన్నం తిన్నాక క్లాసులోనే రాసేస్తాడు, ఇంటికొచ్చాక నాకు చేతకాదు అంటాడు. బస్సులో ఇంగ్లిష్ చదువుతాడు, పుస్తకానికి గ్రౌండ్ మట్టి అంటుకుని వస్తుంది. తొమ్మిదిన్నరకల్లా పడుకుంటాడు. ప్రాక్టీసు లేని రోజు ఐదింటికే ఇంట్లో ఉంటాడు, ఫోన్ పట్టుకుని. ఆ రోజు సోషల్ నోట్సు రాత్రి పదింటికి మొదలుపెడతాడు, నేను అరిస్తే. ఇది నేను కళ్లతో చూస్తున్నదే, అందుకే తేల్చుకోలేకపోతున్నాను.

ఎడమ వింగ్:
చూశారా మాస్టారూ! అమ్మగారే చెప్పారు. టైమ్ తక్కువున్న రోజే పని అవుతోంది.

లెక్కల మాస్టారు:
చూశాను. ప్రాక్టీసు లేని రోజు ఆ ఐదు గంటలు ఏమవుతున్నాయో కూడా చూశాను. అది ఫోన్ సమస్య. ఫోన్‌ను ఇంట్లో కట్టడి చేయలేక ఫుట్‌బాల్‌తో చేయించుకుంటున్నారు. ఇంకా ఒకటి గమనించండి, మధ్యాహ్నం రాసేది సోషల్, బస్సులో చదివేది ఇంగ్లిష్. లెక్కలు ఎప్పుడు? కూర్చుని, కాగితం మీద, తప్పు పోతే మళ్లీ మొదటినుంచి చేసే టైమ్ ఎక్కడుంది? ముక్కలు ముక్కలుగా దొరికిన టైమ్‌లో నోట్సు అవుతుంది, రేఖాగణితంలో ఒక సిద్ధాంతం నిరూపణ అవదు.

మెహదీపట్నం జావేద్:
మాస్టారు చెప్పిన చివరి పాయింట్‌కు మాత్రం జవాబు ఇవ్వాల్సిందే.

ఎడమ వింగ్:
జవాబు ఇస్తాను. ప్రాక్టీసు లేని మూడు సాయంత్రాలు లెక్కలకు పెట్టండి, ఫోన్ అమ్మ దగ్గర పెట్టండి. అయిపోయింది. కానీ మాస్టారికి కావాల్సింది అది కాదు. ఆ పిల్లాడి దగ్గర రోజులో ఒక్క నిమిషం కూడా తనదంటూ ఉండకూడదు. మీలాంటి లెక్చరర్లను నేనూ చూశాను. ఇంటర్‌లో నా కిట్ బ్యాగు క్లాసు బయట పారేసి, కాళ్లతో బతికేవాడివి చేతులు కట్టుకుని కూర్చోకు, బయటికి పో అన్నారు ఒకాయన. నలభై మంది ముందు. ఆ ఏడాది నేను ఫెయిలైంది ఆట వల్ల కాదు, ఆ క్లాసులోకి మళ్లీ అడుగుపెట్టలేకపోవడం వల్ల. మీకు పిల్లలు కాదు, ఫ్లెక్సీ మీద ఫొటోలు కావాలి.

లెక్కల మాస్టారు:
ఆ మాట వెనక్కి తీసుకోండి. నా ఫొటో ఏ ఫ్లెక్సీ మీదా లేదు. మీ బ్యాగు పారేసినాయన చేసింది దుర్మార్గం, దానికి నన్నెందుకు ముందు నిలబెడతారు?

నాకు ఫుట్‌బాల్ తెలీదనుకుంటున్నారు. మా తమ్ముడు స్టాపర్ బ్యాక్, గోల్ ముందు అడ్డుకునేవాడు. జిల్లాకు ఆడాడు. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందని అందరూ చెప్పారు, మా నాన్న నమ్మారు. డిగ్రీ మధ్యలో మోకాలు పోయింది. ఆపరేషన్‌కు అరెకరం అమ్మాం. కోటా రాలేదు, డిగ్రీ పూర్తి కాలేదు. ఇప్పుడు ఒక గోడౌన్‌లో రాత్రి కాపలా. వాడికి టైమ్ మేనేజ్‌మెంట్ రాదా? తెల్లవారుజామున లేచి పరిగెత్తేవాడు, ఒక్క రోజు ఆలస్యంగా వెళ్లలేదు. ఆ క్రమశిక్షణ వాడికి ఏం తెచ్చిపెట్టింది?

మీరు బలరాం పేరు చెప్పారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టినవాడు. అంతటివాడికి చివరిదాకా పద్మశ్రీ రాలేదు. శిఖరం ఎక్కినవాడి సంగతే అదైతే దారిలో ఆగిపోయిన మా తమ్ముడి సంగతి ఎవరు అడుగుతారు?

అడ్మిన్:
వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు. ఇంకోసారి అయితే చర్చ మూసేస్తాను.

ఎడమ వింగ్:
ఫ్లెక్సీ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ తమ్ముడి గురించి చదివి మనసు పాడైంది.

కానీ మాస్టారూ, ఇప్పుడు కదా అసలు సంగతి బయటికి వచ్చింది. ఇంతసేపూ మనం గంటల గురించి కొట్టుకున్నాం. ఆ అబ్బాయి ప్రాక్టీసు రెండు గంటలైనా మూడున్నరైనా మీ మాట ఇదే. ఆట చివరికి ఏదో ఒకటి చేతిలో పెట్టాలి, సీటో ఉద్యోగమో, లేకపోతే దండగ. నేను అలా చూడను. నాకు ఉద్యోగం వచ్చింది కాబట్టి ఇలా మాట్లాడుతున్నానంటారేమో. రాకపోయినా ఆ సాయంత్రాలు నావే.

లెక్కల మాస్టారు:
అవును, అదే నా మాట. దాచుకోను. డబ్బున్న ఇంట్లో పిల్లాడు ఒక ఏడాది పోగొట్టుకుంటే ఇంకో ఏడాది కొనిపెడతారు. మా ఇళ్లలో అది కుదరదు. ఆడటం మంచిదా కాదా అని నన్నడిగితే మంచిదే అంటాను. ఆడి ఓడిపోతే ఎవరు పట్టుకుంటారు అన్నదే నా భయం.

సెంటర్ బ్యాక్ అక్క:
ఇంత పొడుగు చర్చ చదివాక రాయకుండా ఉండలేకపోతున్నా. నన్ను ఎనిమిదో తరగతిలో మాన్పించారు. మా ఇంట్లో చర్చేమీ జరగలేదు, నా బూట్లు మా బాబాయి కొడుక్కి ఇచ్చేశారు. ఆ రెండు గంటలు చదువుకు పోలేదు, అంట్లకూ బట్టలకూ పోయాయి. తమ్ముడు మాత్రం ఇంటర్‌దాకా క్రికెట్ ఆడాడు. పిల్లల టైమ్ గురించి మాట్లాడేటప్పుడు అది ఎవరి పిల్లల టైమో కూడా అడగాలి. నిజామాబాద్ జిల్లా తండా నుంచి గుగులోత్ సౌమ్య దేశానికి ఆడుతోంది, 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ మహిళల జట్టుకు వెళ్లింది. ఆ వార్త చూసిన రోజు మా అమ్మకు ఫోన్ చేసి మాట్లాడలేకపోయాను.

అల్వాల్ అమ్మగారూ, మీ బాబు ఏమంటున్నాడు? ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

అల్వాల్ అమ్మ:
నిన్న అడిగాను. సెక్షన్ మార్చినా పర్వాలేదమ్మా, బీ సెక్షన్‌లో లెక్కల సార్ బాగా చెబుతారు అన్నాడు. మా వారికి ఆ మాటే ఎక్కువ కోపం తెప్పించింది. ఆయన బాధ మార్కుల గురించి కాదు, టాప్ సెక్షన్ నుంచి తీసేశారని బంధువుల్లో తెలుస్తుందని. అది నాకూ ఇప్పుడే అర్థమవుతోంది.

అక్కా, మా పాప ఆరో తరగతి. అది కూడా అన్నతో గ్రౌండ్‌కు వెళ్తానంటోంది. పంపిస్తాను.

ఎడమ వింగ్:
అమ్మాయిలకు విడిగా ప్రాక్టీసు ఉందేమో కోచ్‌ను కనుక్కోండి. లేకపోయినా ఆ వయసులో అబ్బాయిలతో కలిపి ఆడించొచ్చు. బాబుకు మాత్రం నాలుగు రోజులూ ఉంచండి.

లెక్కల మాస్టారు:
మూడు చేయండి. ఒక ప్రాక్టీసు రోజు లెక్కలకు ఇస్తే, ఆట లేని మూడు రోజులతో కలిపి వారంలో నాలుగు పూర్తి సాయంత్రాలు దొరుకుతాయి. జనవరి దాటాక ప్రీ ఫైనల్స్ వస్తాయి, అప్పుడు రెండు చాలు. సెక్షన్ సంగతి భయపడకండి. బీ సెక్షన్ సార్ నిజంగా బాగా చెబితే అదే మంచిది. స్టడీ అవర్స్‌కు ఏయే రోజులు రాడో చెప్పి ప్రిన్సిపాల్‌కు కాగితం రాసివ్వండి, నోటి మాటగా వదలొద్దు.

అల్వాల్ అమ్మ:
సోమవారం వెళ్లి రాసిస్తాను సార్. మరి ఆదివారం మ్యాచ్?

ఎడమ వింగ్:
మ్యాచ్ లేకుండా ప్రాక్టీసు ఎందుకమ్మా? మ్యాచ్ ఉండాల్సిందే.

లెక్కల మాస్టారు:
నెలకు రెండు. అంతకన్నా ఒప్పుకోను.