‘అస్టేసియా-అబేసియా’ అంటే ఏంది? కాళ్లు పడిపోవుడూ ఇదీ ఒక్కటేనా?

మునుగోడు వాసి:
మా పెద్దమ్మకు 68 ఏండ్లు. మంచంల పండుకుంటే రెండు కాళ్లు మంచిగనే లేపుతది, ముడుస్తది. నిలబెడితే మాత్రం వెనక్కి వాలుతది, అడుగు పడదు. డిశ్చార్జి కాగితం మీద ‘అస్టేసియా-అబేసియా’ అని రాసిండ్రు. ఇది రోగమా, లక్షణమా? ఈ మాట ఎక్కడిది? మా దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగినోళ్లు మస్తుమంది, దాంతోనే అయిందా?

ఫిజియో_పాలమూరు:
లక్షణం పేరే. అస్టేసియా అంటే నిలబడలేకపోవుడు, అబేసియా అంటే నడవలేకపోవుడు. పండుకున్నప్పుడు కండల బలం (0 నుంచి 5 వరకు లెక్క) 4, 5 ఉండాలె. ఒక మడమను రెండో మోకాలు మీద పెట్టి పాదం దాకా వంకర పోకుండా జార్చగలగాలె. స్పర్శ తెలవాలె. ఇవన్నీ ఉండి కూడా నడవలేకపోతేనే ఈ మాట రాస్తరు. మంచంలనే కాళ్లు కదలకపోతే అది పారాప్లీజియా, బలం తగ్గి కొంత కదిలితే పారాపరేసిస్. మనోళ్లు అన్నిటికీ ‘కాళ్లు పడిపోయినయి’ అంటరు, అందుకే డాక్టరుకు చెప్పేటప్పుడు మీరు ఇక్కడ రాసినట్టే విడమర్చి చెప్పండి.

భాషాభిమాని:
మూలం గ్రీకు. ‘బాసిస్’ అంటే అడుగు, నడక. ముందున్న ‘అ’ లేదని చెప్పేది, మన ‘అశక్తి’లో ఉన్నదే. విశేషమేమంటే బాసిస్, సంస్కృత ‘గతి’ ఒకే పాత ధాతువు నుంచి పుట్టినవి. ‘స్టాసిస్’, ‘స్థితి’ కూడా అంతే. ఆ లెక్కన అస్టేసియా అస్థితి, అబేసియా అగతి. ఈ జంటపేరుతో 1888లో వివరంగా రాసింది పారిస్ డాక్టరు పోల్ బ్లోక్, సాల్పెట్రియేర్ ఆసుపత్రిలో పేరున్న నరాల డాక్టరు షార్కో శిష్యుడు.

న్యూరో వార్డు:
ఆ కాలంలో దీన్ని హిస్టీరియా ఖాతాలో వేశారు. ఇప్పటికీ ఐసీడీ-10 (రోగాలకు కోడ్‌లిచ్చే అంతర్జాతీయ జాబితా) సూచికలో అబేసియా వెతికితే ఎఫ్44.4కే, అంటే మానసిక కారణాల కోడ్‌కే తీసుకెళ్తుంది. ఆ కోడ్ చూసి ‘మనసుదే’ అని వదిలేయడం చాలా ప్రమాదం. చిన్నమెదడు నడిమి భాగం దెబ్బతిన్నా, మెదడు లోతుల్లో ఉండే థాలమస్‌లో చిన్న స్ట్రోక్ వచ్చినా, మెదడు గదుల్లో నీరు పెరిగినా ఇలాగే ఉంటుంది. వెనక్కి వాలుతుందన్నారు కాబట్టి ఈ వయసులో ముందు మెదడు ఎమ్మారై చూడాలి.

మానసికమని చెప్పాలన్నా ఆధారం కావాలి. ఒక కాలిదే బలహీనత అయితే హూవర్ పరీక్ష ఉంది: ఆ మడమ కింద చేయి పెట్టి, బాగున్న కాలు ఎత్తమంటాం. బలహీనమన్న మడమ అప్పుడు గట్టిగా కిందికి నొక్కితే నరం దారి బాగున్నట్టే. అప్పుడు కూడా అది నటన కాదు, దానికి ఫిజియోథెరపీ ఉంది.

ఎముకల ఓపీ:
ఫ్లోరోసిస్ సంగతి. ఎముకలు మందమై, లిగమెంట్లు గట్టిపడి, వెన్నుపాము దారి ఇరుకవుతుంది. మెడ దగ్గర నొక్కితే కాళ్లు కర్రల్లా బిగుసుకుంటాయి, మోకాలి రిఫ్లెక్స్ ఎగిరిపడుతుంది. అది మంచంలోనూ కనిపిస్తుంది, కాబట్టి మీరు చెప్పిన తీరుకు సరిగ్గా కుదరదు. అయినా మెడ, ముంజేయి ఎక్స్‌రేలు తీయించండి. ముంజేతిలో రెండు ఎముకల మధ్య పొర సున్నంలా గట్టిపడి కనిపిస్తే ఫ్లోరోసిస్ అనుమానం బలపడుతుంది. ఫ్లోరోసిస్, మెదడు సమస్య రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు.

మునుగోడు వాసి:
మూత్రం కూడా ఆగట్లేదు, ఆర్నెల్లసంది మతిమరుపు ఉంది. చెప్పాలెనా?

న్యూరో వార్డు:
ముందుగా అదే చెప్పండి. నడక, మూత్రం, మతిమరుపు మూడూ కలిస్తే మెదడు గదుల్లో నీరే మొదటి అనుమానం. స్కాన్‌లో గదులు పెద్దవిగా ఉంటే నడుము దగ్గర సూదితో 30 నుంచి 50 మిల్లీలీటర్ల నీరు తీసి, తీయకముందూ తీశాకా నడిపించి చూస్తారు. రెండు నడకలూ ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. నడక మెరుగుపడితే షంట్ ఆపరేషన్ (ఆ నీటిని గొట్టంతో, సాధారణంగా కడుపులోకి, మళ్లించేది) పనిచేసే అవకాశం ఎక్కువ. మెరుగు కనిపించనంత మాత్రాన షంట్ పనికిరాదని తేల్చలేం. మూత్రం పూర్తిగా బిగుసుకుపోయినా, తొడల మధ్య స్పర్శ పోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.